మిగులు కరెంటును దాచడం ఎలా? విశాఖ వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై ఏళ్లకు పైగా సబ్‌స్టేషన్లలో పనిచేసి రిటైరయ్యాను. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తున్నప్పుడూ, అపార్టుమెంటు మీటింగుల్లోనూ జనం నన్ను అడిగే ప్రశ్నలు ఈ మధ్య మారాయి. ఇదివరకు "కరెంటు ఎందుకు పోయింది సార్?" అనేవారు. ఇప్పుడు "పగలు మిగిలిపోతున్న సోలార్ కరెంటును దాచుకోలేమా?" అని అడుగుతున్నారు. మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలన్నిటినీ ఒకచోట చేర్చి, లెక్కలతో సహా జవాబులు రాశాను.

మా ఇంట్లో ఇన్వర్టర్ కరెంటును దాస్తోంది కదా. అదే పని పెద్దగా చేయడానికి ఏమిటి కష్టం?

కష్టమంతా ఆ "పెద్దగా" అనే మాటలోనే ఉంది. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో పూర్తిగా నింపితే దాదాపు 1.8 యూనిట్లు పడతాయి. పరవాడ దగ్గరున్న సింహాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 2000 మెగావాట్లు. అది గంటసేపు పూర్తిగా నడిస్తే 20 లక్షల యూనిట్లు వస్తాయి. ఆ ఒక్క గంట కరెంటు దాచాలంటే మీ ఇంట్లో ఉన్నలాంటి బ్యాటరీలు పదకొండు లక్షలు కావాలి.

ఇంకో సంగతి ఉంది. గ్రిడ్ తీగల్లో కరెంటు నిలవ ఉండదు. ఈ క్షణం వాడుతున్నది ఈ క్షణమే తయారవ్వాలి. సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కే బస్సును చూడండి. ఎక్కుడు రాగానే వేగం తగ్గుతుంది, డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కుతాడు. గ్రిడ్‌లో వాడకం పెరిగినప్పుడు జనరేటర్లు అలాగే నెమ్మదిస్తాయి, ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, 50 నుంచి కిందికి జారుతుంది. మన దేశంలో దాన్ని 49.90, 50.05 హెర్ట్‌జ్‌ల మధ్య ఉంచాలని నియమం. ఇంత సన్నని గీత మీద దేశం మొత్తాన్ని నడిపిస్తున్నారు. నేను డ్యూటీలో ఉన్న రోజుల్లో కన్ను ఎప్పుడూ ఆ ఫ్రీక్వెన్సీ మీటరు మీదే ఉండేది.

ఒకవైపు కోతలు అంటారు, ఇంకోవైపు మిగులు అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే, వేళలు వేరు. ఎండ బాగా కాసే మధ్యాహ్నం రాయలసీమ సోలార్ పార్కుల నుంచి కరెంటు ధారగా వస్తుంది. అదే సమయంలో బొగ్గు కేంద్రాలను పూర్తిగా ఆపలేరు. ఆపితే బాయిలర్ చల్లబడిపోతుంది, మళ్లీ వేడెక్కించి లైనులోకి తేవడానికి గంటలు పడుతుంది. అందుకే వాటిని సామర్థ్యంలో సుమారు 55 శాతానికి తగ్గించి నడుపుతూనే ఉంటారు. అప్పటికీ ఎక్కువైతే సోలార్‌నే తగ్గించమంటారు. ఉచితంగా వచ్చే ఎండ అలా వృథా అవుతుంది.

సాయంత్రం ఆరు దాటాక పరిస్థితి తిరగబడుతుంది. సోలార్ సున్నా. ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు ఒక్కసారిగా మొదలవుతాయి. మధ్యాహ్నం పారేసుకున్నదే రాత్రి ఎక్కువ ధర పెట్టి కొనాల్సి వస్తుంది. నిల్వ గురించి ఇంత చర్చ జరగడానికి మూలం ఈ నాలుగైదు గంటల ఎడమే.

గాజువాక దగ్గర పెద్ద స్టేషన్ ఉంది కదా, అందులో కరెంటు నిల్వ చేస్తారా?

లేదు. చాలామంది ఇలాగే అనుకుంటారు. అది తూర్పు గ్రిడ్‌నీ దక్షిణ గ్రిడ్‌నీ కలిపే బ్యాక్-టు-బ్యాక్ హెచ్‌వీడీసీ కేంద్రం. అక్కడ 500 మెగావాట్ల విభాగాలు రెండున్నాయి. ఒకవైపు నుంచి వచ్చిన ఏసీ (దిశ మారుతూ ఉండే) కరెంటును డీసీగా (ఒకే దిశలో పారేదిగా) మార్చి, అక్కడికక్కడే మళ్లీ ఏసీ కరెంటుగా చేసి రెండోవైపు పంపుతారు. నిల్వ ఏమీ ఉండదు. అయినా ఆ కేంద్రమంటే నాకు గౌరవం. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కుప్పకూలినప్పుడు దక్షిణాదికి ఆ దెబ్బ తగలకపోవడానికి కారణం, ఒకవైపు ఫ్రీక్వెన్సీ కుదుపును రెండోవైపు దాటనివ్వని ఇలాంటి డీసీ గుమ్మాల ద్వారానే మనం వాళ్లతో కలిసి ఉండటం. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది.

పేపర్లో ఒకచోట మెగావాట్లు, ఇంకోచోట మెగావాట్-అవర్లు అని రాస్తారు. తేడా ఏమిటి?

మేడ మీద వాటర్ ట్యాంకు ఎంత పెద్దదో మెగావాట్-అవర్లు చెబుతాయి. దాని కుళాయి ఎంత లావుదో మెగావాట్లు చెబుతాయి. "100 మెగావాట్ల బ్యాటరీ" అని మాత్రమే రాస్తే సగం సంగతే తెలిసినట్టు. అది గంట నడుస్తుందా, నాలుగు గంటలు నడుస్తుందా అన్నది రెండో అంకె చూస్తేనే తెలుస్తుంది. ఒక మెగావాట్-అవర్ అంటే వెయ్యి యూనిట్లు.

నీళ్లతో కరెంటు దాస్తారంటున్నారు. అదెలా?

అన్నిటికంటే పాత పద్ధతి, ప్రపంచంలో నేటికీ ఎక్కువగా ఆధారపడేదీ ఇదే. పైన ఒక జలాశయం, కింద ఒకటి. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి తోడతారు. కావాల్సినప్పుడు కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు. దీన్నే పంప్డ్ స్టోరేజీ అంటారు. తోడటానికి వంద యూనిట్లు ఖర్చయితే తిరిగి 75 నుంచి 80 వస్తాయి.

ఇక్కడ ఎత్తే అసలు ఆస్తి. మూడంతస్తుల మేడ మీద, పది మీటర్ల ఎత్తులో వెయ్యి లీటర్ల ట్యాంకు ఉందనుకోండి. అందులో నీళ్లన్నీ కిందికి వదిలినా వచ్చే శక్తి 27 వాట్-అవర్లే. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు మూడు గంటలు వెలుగుతుంది, అంతే. అదే వెయ్యి లీటర్లను 367 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే సరిగ్గా ఒక యూనిట్. అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్ల పైనే ఉంది. అంత ఎత్తు నుంచి దిగితే దాదాపు రెండున్నర యూనిట్లు. అందుకే ఇంజినీర్ల చూపు తూర్పు కనుమల మీద పడింది.

ఇది మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో 100.8 మెగావాట్ల యూనిట్లు ఏడు అటు కరెంటు ఇవ్వనూ గలవు, ఇటు నీళ్లు తోడనూ గలవు. శ్రీశైలం ఎడమ గట్టులో 150 మెగావాట్లవి ఆరు అలాంటివే. మన పక్కన సీలేరులో ఏపీ జెన్‌కో 1350 మెగావాట్ల ఎగువ సీలేరు పంప్డ్ స్టోరేజీని ప్రతిపాదించింది. ఇందులో నాకు నచ్చిన అంశం, పైన గుంటవాడ, కింద డొంకరాయి జలాశయాలు రెండూ ఇప్పటికే ఉన్నవే. కొత్తగా లోయను ముంచే పని తక్కువ. కర్నూలు వైపు పిన్నాపురంలో చేపట్టింది మరో రకం. నదికి దూరంగా రెండు జలాశయాలు కట్టి, ఒకసారి నింపిన నీళ్లనే పైకీ కిందికీ తిప్పుతారు. ఆవిరైనంత మేరకే మళ్లీ నింపుకోవాలి.

మన దగ్గర కొండలూ సముద్రమూ పక్కపక్కనే ఉన్నాయి. కైలాసగిరి లాంటి కొండ మీద చెరువు తవ్వి సముద్రపు నీళ్లు ఎక్కిస్తే సరిపోదా?

ఈ ప్రశ్న అడిగింది మా పక్క ఫ్లాట్‌లో ఇంటర్ చదివే అమ్మాయి. వినగానే ముచ్చటేసింది, ఎందుకంటే జపాన్‌వాళ్లు సరిగ్గా ఇదే చేసి చూశారు. ఒకినావా దీవిలో యన్‌బారు అనే చోట 30 మెగావాట్ల సముద్రపు నీటి కేంద్రం 1999లో మొదలైంది. 136 మీటర్ల ఎత్తు మీద ఎనిమిది మూలల చెరువు కట్టి, ఉప్పునీరు నేలలోకి ఇంకకుండా రబ్బరు షీటు పరిచారు. అది పనిచేసింది. కానీ ఖర్చుకు తగ్గ రాబడి లేక 2016లో మూసేశారు. ఉప్పు లోహాన్ని తినేస్తుంది. పైపుల లోపల గుల్లలు, నాచు పట్టుకుంటాయి. చెరువుకు చిల్లు పడితే కొండ కింద బావులన్నీ ఉప్పగా మారతాయి. విశాఖలో కొండవాలు పొడవునా ఇళ్లున్నాయి. నేనైతే ఇక్కడ దీనికి సరే అనను.

ఏజెన్సీలో పంప్డ్ స్టోరేజీ వద్దని గిరిజనులు ఆందోళన చేస్తున్నారు. వాళ్లు అభివృద్ధికి అడ్డుపడుతున్నట్టా?

కాదు. ఈ ప్రశ్నకు కాస్త వివరంగా చెప్పాలి.

అనంతగిరి మండలంలో పెదకోట, కొయ్యూరు వైపు ఎర్రవరం లాంటి ప్రతిపాదనలు వచ్చినప్పుడు అక్కడివాళ్లు అడిగిన ప్రశ్నలు సూటిగా ఉన్నాయి. మా పొలం పోతుందా? మా ఊట ఎండిపోతుందా? మమ్మల్ని అడిగారా? కాగితం మీద "ఎగువ జలాశయం" అని రాసిన చోట వాళ్ల కాఫీ తోట ఉంటుంది, పసుపు చేను ఉంటుంది, పశువులు మేసే గట్టు ఉంటుంది. సొరంగం తవ్వి పేలుళ్లు జరిపితే కొండ ఊటల దారి మారే ప్రమాదం ఉంది. ఏజెన్సీలో చాలా ఊళ్లకు తాగునీరు ఆ ఊటే.

ఇది రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద గిరిజనులకు ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. ఇలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పెసా చట్టం ప్రకారం అభివృద్ధి ప్రాజెక్టులకు భూమి సేకరించే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించి తీరాలి. గిరిజన ప్రాంతాల భూములను ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదంటూ 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు కూడా ఇదే అనంతగిరి మండలం బొర్రా పరిసరాల గనుల లీజుల నుంచి పుట్టిందే. ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నుంచి 1955లో కరెంటు రావడం మొదలైంది. ఆ జలాశయం కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్ల పిల్లలు, మనవలు ఇంకా ఆ కథ చెబుతూనే ఉన్నారు. వాళ్ల కొండల మీదుగా హైటెన్షన్ లైన్లు పోతుంటే, గూడేల్లో దీపం వెలగడానికి ఏళ్లు పట్టింది. ఆ లైన్ల మీద పనిచేసినవాణ్ణి, కళ్లారా చూశాను.

నా ఉద్దేశంలో వరస ఇలా ఉండాలి. ముందు సీలేరు లాంటి, ఉన్న జలాశయాలను వాడుకునేవి. తర్వాత ఎవరూ నివసించని, నదికి దూరంగా ఉన్న చోట్లు. జనం ఉన్న కొండ అన్నిటికంటే ఆఖరున, అదీ గ్రామసభ నిజంగా ఒప్పుకుంటేనే. విశాఖలో ఏసీ చల్లగా నడవడం కోసం అనంతగిరిలో ఒకరి ఊట ఎండిపోకూడదు.

బ్యాటరీలతోనే అంతా చేసేయొచ్చు కదా?

సాయంత్రం నాలుగు గంటల పనికైతే చేయొచ్చు, ఇప్పుడు ధర కూడా అందుబాటులోకి వచ్చింది. నౌకల మీద వచ్చే ఇరవై అడుగుల కంటైనర్లు విశాఖలో చూడనివాళ్లుండరు. ఇప్పటి బ్యాటరీలతో అలాంటి ఒక్క కంటైనర్‌లో సుమారు 5 మెగావాట్-అవర్లు, అంటే ఐదు వేల యూనిట్లు పడుతున్నాయి. సాయంత్రం లక్ష ఇళ్లకు ఇంటికి మూడు యూనిట్ల చొప్పున ఇవ్వడానికి అరవై కంటైనర్లు చాలు. సింహాద్రి ఇచ్చే 2000 మెగావాట్లను నాలుగు గంటలు బ్యాటరీలతోనే ఇవ్వాలంటే 1600 కంటైనర్లు. వాటిని నింపడానికి సుమారు 2000 మెగావాట్ల సోలార్ కావాలి. మెగావాట్‌కు నాలుగెకరాలనుకున్నా ఎనిమిది వేల ఎకరాలు. పెద్ద పనే, కానీ చేయగలిగిన పని.

అదే మూడు రోజులు ముసురు పట్టి సూర్యుడు కనిపించలేదనుకోండి. ఆ 2000 మెగావాట్లను 72 గంటలు ఇవ్వాలంటే దాదాపు 29 వేల కంటైనర్లు కావాలి. ఏడాదిలో నాలుగైదుసార్లు వాడే దానికి అంత డబ్బు ఎవరూ పెట్టరు. ఎంతసేపు దాచాలి అనే ప్రశ్న తేలాకే ఏ పద్ధతి అన్నది తేల్చుకోవాలి. ఫ్రీక్వెన్సీ జారకుండా సెకనులోపు పట్టుకోవడానికి బ్యాటరీని మించింది లేదు. ఆరేడు గంటలు, పెద్ద మొత్తంలో, నలభై ఏళ్ల పాటు కావాలంటే నీళ్లే మేలు.

ధర సంగతి చూడండి. 2022లో సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ వేలంలో రెండు గంటల బ్యాటరీకి మెగావాట్‌కు నెల అద్దె 10.84 లక్షల రూపాయలు పలికింది. రోజుకు రెండుసార్లు నింపి ఖాళీ చేస్తే యూనిట్‌కు తొమ్మిది రూపాయలు పడినట్టు. 2024 చివరికి రాజస్థాన్ వేలంలో, కేంద్ర ప్రభుత్వ సాయం కలుపుకొని, అది 2.21 లక్షలకు దిగింది. అంటే యూనిట్‌కు రూపాయి 84 పైసలు. నింపడానికి వాడే కరెంటు ధర దీనికి అదనం. రెండేళ్లలో ఇంత తేడా వస్తుందని నా సర్వీసులో ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు.

వెంకటాపురం గ్యాస్ లీక్ చూసిన ఊరు మనది. బ్యాటరీ కేంద్రం పక్కన ఉంటే ప్రమాదం కాదా?

2020 మే 7 తెల్లవారుజాము మరిచిపోయినవాళ్లు ఈ ఊళ్లో లేరు. కాబట్టి ఈ భయాన్ని తీసిపారేయను.

లిథియం సెల్ లోపల వేడి అదుపు తప్పితే పక్క సెల్‌కూ అంటుకుంటుంది, మండే వాయువులు, విష వాయువులు వస్తాయి. 2019 ఏప్రిల్‌లో అమెరికాలోని అరిజోనాలో ఇలాంటి వాయువు గది లోపల పేరుకుపోయింది. ఫైర్ సిబ్బంది తలుపు తీశాక పేలింది, వాళ్లు తీవ్రంగా గాయపడ్డారు. 2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్‌లో కేంద్రం తగలబడి చుట్టుపక్కల వాళ్లను ఖాళీ చేయించారు. అక్కడ నికెల్ రకం బ్యాటరీలను ఒక పాత భవనం లోపల పక్కపక్కనే పేర్చారు, అందుకే మంట ఒకచోట ఆగలేదు.

ఇప్పుడు ఎక్కువగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం అంత తేలికగా అదుపు తప్పదు. ఆరుబయట, కంటైనర్‌కు కంటైనర్‌కు మధ్య ఎడం ఉంచి, వాయువు బయటికి పోయే దారి పెట్టి కడుతున్నారు. అయినా మీ ప్రాంతంలో కేంద్రం వస్తుందంటే ఈ మాటలు అడగండి: ఏ రకం సెల్స్? ఇళ్లకు ఎంత దూరం? స్థానిక ఫైర్ స్టేషన్‌కు శిక్షణ ఇచ్చారా? మంట మీద కొట్టిన నీళ్లు ఏ గెడ్డలోకి పోతాయి? మన ఊరికి ఇంకొకటి కూడా అడగాలి. ఉప్పుగాలికి కనెక్షన్లు తుప్పు పట్టకుండా ఏం చేస్తున్నారు? సముద్రం పక్క సబ్‌స్టేషన్లలో ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుని మెరుపులు రావడం నేను ఎన్నోసార్లు చూశాను.

హుద్‌హుద్ లాంటి తుపాను వస్తే ఈ నిల్వలు కాపాడతాయా?

పెద్ద కేంద్రాలు కాపాడలేవు. 2014 అక్టోబరు 12న మనకు లేనిది కరెంటు కాదు, దాన్ని ఇంటికి తెచ్చే దారి. స్తంభాలు, టవర్లు కూలిపోయాయి. ఊరి బయట ఎంత దాచినా తీగ తెగితే చేరదు. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో నగరంలో భూగర్భ కేబుళ్లు వేశారు, అదీ సరైన మందు. తుపానుకు ఉపయోగపడేవి చిన్న నిల్వలు. ఆసుపత్రి, మంచినీటి పంపు హౌసు, సెల్ టవర్ దగ్గరే ఉండి, పైకప్పు సోలార్‌తో నిండేవి. ఆ వారంలో జనాన్ని చీకటి కంటే ఎక్కువ బాధపెట్టింది తాగునీరు లేకపోవడం.

పూడిమడకలో హైడ్రోజన్ హబ్ వస్తోంది. అది కూడా కరెంటు నిల్వేనా?

ఒక విధంగా అవును. 2025 జనవరి 8న ప్రధాని విశాఖలో దానికి శంకుస్థాపన చేశారు. కరెంటుతో నీటిని విడగొడితే హైడ్రోజన్ వస్తుంది, దాన్ని నెలల తరబడి దాచవచ్చు. కానీ కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్ల పైన ఖర్చవుతుంది. దాన్ని మళ్లీ కరెంటుగా మారిస్తే పదహారు, పదిహేడు యూనిట్లు తిరిగొస్తే గొప్ప. మూడింట రెండు వంతులు పోతుంది. అందుకని మన సాయంత్రపు లైట్లకు కాదు, ఎరువులకు, ఉక్కుకు, ఓడల ఇంధనానికి వాడితేనే దానికి విలువ.

ముడసర్లోవ చెరువు మీద సోలార్ పలకలు తేలుతున్నాయి. అదీ నిల్వేనా?

కాదు, అది ఉత్పత్తి మాత్రమే. చెరువు స్థలం వాడుకుంటుంది, నీరు ఆవిరవడం తగ్గిస్తుంది. సింహాద్రి జలాశయం మీద 2021లో మొదలైన 25 మెగావాట్లదీ అంతే.

బ్యాటరీ లేకుండా, కొండ లేకుండా కరెంటు దాచే మార్గం ఏమైనా ఉందా?

ఉంది, అన్నిటికంటే చౌక కూడా. ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి చూడండి. బోట్లకు కావాల్సిన ఐసు ఫ్యాక్టరీల్లో తయారవుతుంది. ఆ ఐసును మధ్యాహ్నం సోలార్ కరెంటుతో గడ్డ కట్టించి, రాత్రి మోటార్లు ఆపేసి, తెల్లవారుజామున వేటకెళ్లే బోటుకు ఎక్కిస్తే కరెంటును చల్లదనంగా దాచినట్టే. రొయ్యల కోల్డ్ స్టోరేజీలు రెండు డిగ్రీలు ఎక్కువ చల్లబరచి సాయంత్రం కాసేపు ఆపవచ్చు. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) పంపులు పగలే ట్యాంకులు నింపుకోవచ్చు. మన అపార్టుమెంటు మోటారు సాయంత్రం ఏడింటికే ఎందుకు వేయాలి? మధ్యాహ్నం పన్నెండింటికి వేయండి.

ధర కూడా ఈ దారిలోకే మళ్లుతోంది. 2023 జూన్‌లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం, ఎండ ఉన్న వేళ టారిఫ్ మామూలు కంటే 10 నుంచి 20 శాతం తక్కువగా, రద్దీ వేళ ఎక్కువగా ఉండాలి. ఇది పనిచేయాలంటే వేళను గుర్తించే స్మార్ట్ మీటరు కావాలి. మీటరు అనగానే జనానికి బిల్లు టెన్షన్ పట్టుకుంటోంది. పగలు ఎంత తగ్గుతుందో బిల్లులోనే స్పష్టంగా చూపిస్తే ఆ భయం పోతుంది.

మేడ మీద సోలార్ పెట్టించాను. మిగిలింది గ్రిడ్‌లో దాచుకుంటున్నట్టే కదా?

బిల్లు లెక్కలో అవును, వాస్తవంలో కాదు. మధ్యాహ్నం మీరు పంపిన యూనిట్ అప్పుడే పక్కింటి ఏసీలో ఖర్చయిపోయింది. రాత్రి మీకు తిరిగొచ్చేది ఎక్కువగా బొగ్గు కరెంటే. పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ వస్తోంది, పెట్టించుకోండి. కానీ ఒకటి ముందే తెలుసుకోండి. లైను కరెంటు పోతే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుంది. మా బంధువు ఒకరు ఎండలో పలకలు మెరుస్తుండగా ఇంట్లో ఫ్యాను తిరగకపోతే మోసపోయానని బాధపడ్డారు. అది మోసం కాదు. లైను ఆపేశారన్న ధైర్యంతో స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ మేడ మీది కరెంటు తగలకుండా పెట్టిన ఏర్పాటు. కోతలో కూడా వాడుకోవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి తగ్గ బ్యాటరీ అవసరం.

పాత బ్యాటరీలు ఏమవుతాయి?

2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం తయారీదారులే వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించాలి. మీ ఇన్వర్టర్ బ్యాటరీని మాత్రం పాత సామాన్లవాళ్లకు ఇవ్వకండి. పగలగొట్టి యాసిడ్ కాలువలో పోసి, సీసాన్ని పొయ్యి మీద కరిగిస్తారు, ఆ పొగ పీల్చేది అక్కడ ఆడుకునే పిల్లలు. కొత్తది కొన్న షాపులోనే పాతది ఇచ్చి రసీదు తీసుకోండి.